నడక తగ్గినా కెమెరా పక్కన పెట్టనక్కర్లేదు

వన్యప్రాణుల ఫొటోగ్రఫీ అనగానే అడవిలో కోసుల కొద్దీ నడక, భుజాన బరువైన లెన్సు గుర్తుకొస్తాయి. అందుకే మోకాళ్లు అరిగినవారు, గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, షుగరుతో కాళ్లలో స్పర్శ తగ్గినవారు ఆ కోరికను చంపుకుంటారు. తెలంగాణలోని రాయికోడ్ ప్రాంతంలో ఉన్నవారు అంత తొందరగా చంపుకోనక్కర్లేదు.

రాయికోడ్, న్యాల్‌కల్ వైపు నేల ఎక్కువగా నల్లరేగడి. దట్టమైన అడవి లేదు. చేల మధ్య తిరిగే కృష్ణజింకల మందలు దారి మీది నుంచే కనిపిస్తాయి. జింక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందువల్ల చుట్టూ చాలా మేర దానికి కనిపిస్తుంది, చిన్న కదలికనైనా పసిగడుతుంది. బెదిరితే గంటకు 80 కిలోమీటర్ల దాకా వేగం అందుకుంటుంది. నడిచి దాన్ని సమీపించడం ఆరోగ్యవంతుడికీ కష్టమే. కానీ రోజూ బండ్లు తిరిగే దారిలో ఆగి ఉన్న కారును అది అంతగా పట్టించుకోదు. మనిషి ఆకారం కారులో కలిసిపోతుంది. దిగి నడిచేవారికంటే లోపల కూర్చున్నవారికే జింక ఎక్కువసేపు దొరుకుతుంది.

రేగడిలో దిగకపోవడం ఒంటికీ మంచిదే. ఆ మట్టి తడిస్తే ఉబ్బి కాళ్లకు అంటుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. నెర్రెలో కాలు పడితే మోకాలు మెలిపడుతుంది. స్పర్శ లేని పాదానికి గాయమైనా వెంటనే తెలియదు. పైగా అది ఒక రైతు విత్తిన చేను.

ఇక చేతుల సంగతి. 600 మిల్లీమీటర్ల పెద్ద లెన్సు ఒక్కటే సుమారు 3 కిలోలు తూగుతుంది. నికాన్ పి950 లాంటి బ్రిడ్జ్ కెమెరా (లెన్సు విడదీయలేని జూమ్ కెమెరా) మొత్తం కలిపి కిలో. దాని సెన్సర్ (వెలుతురును బొమ్మగా మార్చే పలక) చిన్నది కాబట్టి మసక వెలుతురులో బొమ్మ గరుకుగా వస్తుంది. భుజం నొప్పితో ఇంట్లో ఉండిపోవడం కంటే ఆ గరుకుదనమే నయమని నేను నమ్ముతాను. చేయి వణికేవారు గుడ్డసంచిలో జొన్నలు నింపి, కిటికీ అంచున పరిచి, కెమెరాను దానిపై ఆనించాలి. ఇంజిన్ ఆపాలి, లేకుంటే ఆ అదురు లెన్సుకు చేరుతుంది. షట్టర్ వేగం (వెలుతురును లోపలికి రానిచ్చే సమయం) సెకనులో వెయ్యో వంతు ఉంటే చిన్న వణుకు బొమ్మలో పెద్దగా తెలియదు.

ఎండ పడనివారు మధ్యాహ్నం వదులుకున్నా నష్టం లేదు. నేల వేడెక్కాక పైనున్న గాలి అలలుగా లేస్తుంది. దూరపు బొమ్మ ఆ గాలిలో వణికి పలచబడుతుంది. దాన్ని ఏ ఖరీదైన లెన్సూ సరిచేయలేదు. పొద్దుటి రెండు గంటలే అసలు సమయం. అయితే షుగరు మందు వేసుకుని ఖాళీ కడుపుతో బయల్దేరకూడదు. తినేది ఏదైనా, నీళ్లు, తోడుగా ఒక మనిషి ఉండాలి. గంటకోసారి కాళ్లు చాపి కదిలించాలి. గుండె జబ్బున్నవారు ముందు డాక్టరును అడగాలి.

ఒంట్లో లోటు ఉన్నా కెమెరా వదలనివారికి ఒక ఉదాహరణ, పక్షుల ఫొటోలకు పేరుపొందిన బ్రిటన్‌వాడు ఎరిక్ హోస్కింగ్. 1937లో గుడ్లగూబ దాడిలో ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు పక్షుల్నే తీశాడు. కెమెరా కంతలో చూడటానికి ఒక కన్ను చాలు. మరుగు (పక్షులకు కనిపించకుండా కూర్చునే చాటు) వెనక కదలకుండా కూర్చోగల ఓపిక ఆయనకు మిగిలే ఉంది.

రాయికోడ్‌కు తూర్పున మంజీర నది మీద సింగూరు జలాశయం ఉంది. దాని దిగువన 1978లో ఏర్పడిన మంజీర అభయారణ్యంలో మొసళ్లు, చలికాలపు వలస పక్షులు కనిపిస్తాయి. నీటి పక్షులకు కారు కంటే ఒడ్డున స్థిరమైన మరుగే మేలు. నీడ, వీపు ఆనించే బల్ల, చక్రాల కుర్చీ వెళ్లే వాలుదారి ఉన్న మరుగొకటి అక్కడ కడితే, కారు లేనివారూ పక్షుల్ని తీయగలుగుతారు.