ట్యాపెట్ల టకటక

పాత బుల్లెట్ కొన్నవాడు మెకానిక్‌ని ముందుగా అడిగేది ఇదే: "ఆ టకటక పోయేలా చెయ్యన్నా." చప్పుడు మరీ పెరిగితే చూడాల్సిందే గానీ, కొద్దిపాటి టకటకతో బండికి వచ్చే నష్టం లేదు. దాన్ని బలవంతంగా నొక్కేస్తేనే ముప్పు.

ఆ 346 సీసీ ఇంజిన్‌లో క్యామ్‌లు కింద, వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి. మధ్యలో రెండు సన్నని అల్యూమినియం కడ్డీలు, అవే పుష్‌రాడ్లు. క్యామ్ ట్యాపెట్‌ని ఎత్తుతుంది, ట్యాపెట్ కడ్డీని, కడ్డీ రాకర్‌ని. రాకర్ రెండో కొస వాల్వుని కిందికి నొక్కుతుంది. ఇంజిన్ నిమిషానికి 4000 చుట్లు తిరిగితే ఒక్కో కడ్డీ 2000 సార్లు లేచి దిగుతుంది.

వేడికి ఇనప సిలిండరూ, హెడ్డూ, కడ్డీలూ అన్నీ సాగుతాయి, కానీ సమానంగా కాదు. అందుకే ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ట్యాపెట్ల సెట్టింగ్. కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్‌ని పైకి తెచ్చి, కుడివైపు సిలిండర్ అడుగున ఉన్న చిన్న మూత తీస్తే కడ్డీల కింది కొసలు కనబడతాయి. లాక్‌నట్ వదులు చేసి మర తిప్పాలి. ఇక్కడ గేజీతో పని లేదు, వేళ్లే కొలత. కడ్డీ వేళ్ల మధ్య సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఎగ్జాస్ట్ కడ్డీ పిసరంత వదులుగా ఉన్నా పర్వాలేదు. లాక్‌నట్ బిగిస్తుంటే మర కూడా కాస్త కదిలిపోతుంది. బిగించాక మళ్లీ తిప్పి చూడనివాడు సగం పనే చేసినట్టు.

కడ్డీ బిగువైతే వాల్వు సీటు మీద పూర్తిగా ఆనదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో చాలా భాగం సీటుకే అప్పగిస్తుంది. ఆ దారి మూసుకుపోతే అంచు కాలుతుంది, కంప్రెషన్ తగ్గుతుంది, చివరికి ఎన్ని కిక్కులు కొట్టినా బండి లేవదు. ఇంత జరిగినా టకటక మాత్రం వినబడదు!

చప్పుడూ బిగువూ రెండూ లేని ఉపాయం 1930లోనే క్యాడిలాక్ వి-16 కారులోకి వచ్చింది. అందులో టకటకకు కారణమైన ఖాళీని నూనె నింపేస్తుంది. లోపలికొచ్చిన నూనెని చిన్న బంతి వాల్వు వెనక్కి పోనివ్వదు. నూనె నొక్కితే కుదించుకుపోదు కాబట్టి గట్టి కడ్డీలాగే పనిచేస్తుంది. 1956లో మద్రాసులో తయారీ మొదలైన బుల్లెట్ మాత్రం దశాబ్దాల పాటు పానాలనే నమ్ముకుంది. ఇలా నూనెతో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లున్న క్లాసిక్ 350 వచ్చింది 2009లో.

2020లో మీటియర్ 350తో వచ్చిన ఇంజిన్‌లో క్యామ్ హెడ్‌లోకే ఎక్కింది. 2023లో బుల్లెట్‌కీ అదే ఇంజిన్ పెట్టారు. పుష్‌రాడ్లు పోయాయి, హైడ్రాలిక్ లిఫ్టర్లూ పోయాయి. ట్యాపెట్ గ్యాప్ చూసే పని మాత్రం సర్వీస్ పట్టికలోకి మళ్లీ వచ్చింది.