ద్రాక్షతోటకు తగిలిన మస్కట్ ఎండ

మస్కట్‌లో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజులలో మన కుటుంబాలవారు పలువురు జబల్ అఖ్దర్ కొండకు వెళ్ళి సేదదీరుతుంటారు. సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తున గల సైక్ పీఠభూమిపై, మెట్లు మెట్లుగా తీర్చిన మడులలో దానిమ్మ, గులాబీలతోపాటు ద్రాక్ష కూడా పెరుగుతుంది. 1835-36లో ఒమాన్‌లో పర్యటించిన ఆంగ్ల నావికాధికారి జేమ్స్ వెల్‌స్టెడ్, ఈ కొండవాసులు ద్రాక్షతో మద్యం తయారుచేసేవారని 1838లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో వ్రాశాడు. ఆ ముచ్చట నేడు చరిత్రకే పరిమితం. అయితే ద్రాక్షమద్యానికి పేరుపొందిన దక్షిణ ఫ్రాన్సుకూ, ఈ కొండకూ నేడు ఒకే చిక్కు వచ్చిపడింది.

ముందుగా ఆ మద్యం సంగతి చూద్దాం. మన పల్లెలలో తాటికల్లును పులియజేసే ఈస్ట్ వంటి సూక్ష్మజీవులే ద్రాక్షరసంలోని చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తాయి. చక్కెర దాదాపు పూర్తిగా ఖర్చయ్యేదాకా పులియనిస్తే తీపి మిగలదు. అటువంటిదానినే ‘డ్రై’ అంటారు. ఎరుపురంగు రసానిది కాదు, తొక్కలోని ఆంథోసయనిన్లది. అందుచేతనే తొక్కలను రసంతోపాటు నానబెడతారు.

దక్షిణ ఫ్రాన్సులో ఒకే రకం ద్రాక్షను నమ్ముకొనకుండా కొన్నింటిని మేళవించడం పాత అలవాటు. గ్రెనాష్ నీటి ఎద్దడిని ఓర్చుకొని చక్కెరను సమృద్ధిగా ఇస్తుంది, కాని రంగు తక్కువ. ఆ రంగును సిరా సమకూరుస్తుంది. ఆలస్యంగా పండే ముర్వెద్ర్ వగరును, దృఢత్వాన్ని చేకూరుస్తుంది. షాతోనఫ్ దు పాప్ అనే ప్రాంతపు మద్యానికి సంప్రదాయంగా 13 రకాలను అనుమతిస్తారు. ఒక ఏడు ఒక రకం దెబ్బతిన్నా మరొకటి ఆదుకొంటుంది. జొన్నచేనులో కంది సాళ్ళు వేసే మన మెట్టరైతు వివేకం కూడ ఇదే కదా!

అయితే ఆ వివేకానికీ పరీక్షాసమయం వచ్చింది. 2019 జూన్ 28న దక్షిణ ఫ్రాన్సులోని వెరార్గ్ గ్రామంలో 46 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. అది మస్కట్ ఎండతో సమానం! ఆ వేడికి ఆ ప్రాంతపు తోటలలో ఆకులు, గుత్తులు మాడిపోయాయి. సాధారణ సంవత్సరాలలో సైతం అధికోష్ణం వలన పండ్లలో చక్కెర పెరిగి, పులుపు తగ్గి, కోతకాలం ముందుకు జరుగుతున్నది.

జబల్ అఖ్దర్‌లో సమస్య వేసవిది కాదు, శీతాకాలానిది. పీచ్, ఆప్రికాట్ వంటి చెట్లు చలికాలంలో నిద్రిస్తాయి. తగినన్ని గంటల చలి తగిలితేనే ఆ నిద్ర వీడి సక్రమంగా పూస్తాయి. ఈ కొండమీది ఒయాసిస్సులలో అట్టి చలిగంటలు తగ్గుతున్నట్లు 2009లో ప్రచురితమైన పరిశోధన ఒకటి వెల్లడించింది. ఫ్రాన్సు రైతు రకాలను మార్చి చూడగలడు. కొండనుండి మరింత ఎత్తుకు పోదామంటే ఇక్కడి రైతుకు చోటెక్కడిది? ఫలజ్ కాలువ నీరు పారేచోటనే కదా అతని మడి!

ఈసారి పిల్లలతో కొండ ఎక్కినపుడు చల్లగాలిని ఆస్వాదించి ఊరకుండక, ఆ చలి చెట్టుకెందుకు అవసరమో వారికి చెప్పండి.