కణితి తీశాక తలలో నీరు చేరితే

మెదడులోని కణితి తీసేశారు, కుట్లు మానుతున్నాయి, మనిషి ఇంటికొచ్చాడు. కొన్నాళ్లు బాగానే తిరిగినవాడు ఉన్నట్టుండి పగలంతా మగతగా పడుకుంటుంటే, ‘ఆపరేషన్ నీరసంలే, పడుకోనివ్వండి’ అంటారు పెద్దవాళ్లు. నాకు భయం ఆ మాటతోనే. ఆపరేషన్ నీరసం రోజురోజుకీ తగ్గాలి. తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగిందంటే కారణం వేరే ఉండొచ్చు, తలలో నీరు చేరి ఉండొచ్చు.

మెదడు లోపలి గదుల్లో రోజుకు దాదాపు అర లీటరు ద్రవం ఊరుతుంది. పెద్దవాళ్లలో ఏ సమయంలోనైనా ఉండేది మాత్రం సుమారు 150 మిల్లీలీటర్లే. మిగిలినదంతా ఎప్పటికప్పుడు రక్తంలోకి ఇంకిపోవాలి. కణితి పోయినా, ఆపరేషన్ తర్వాతి వాపు, గడ్డకట్టిన రక్తం ఆ ద్రవం పోయే దారికి అడ్డుపడొచ్చు. దారి మూసుకున్నా ఊట ఆగదు, ద్రవం తలలోనే చేరిపోతుంది. చిన్నమెదడు దగ్గరి నాలుగో గది దారి మరీ ఇరుకు. పిల్లల్లో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా కణితి అక్కడే పెరుగుతుంది కాబట్టి వాళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

తలనొప్పి తెల్లవారుజామున ఎక్కువగా ఉండటం ముఖ్యమైన గుర్తు. పడుకున్నప్పుడు తలలో ఒత్తిడి పెరుగుతుంది. నిద్రలో శ్వాస మందగించి రక్తనాళాలు వెడల్పవుతాయి, పుర్రె ఎముక సాగదు. తలనొప్పికి వాంతులు తోడవుతాయి. కంటిని పక్కకు తిప్పే నరం నలిగితే ఒకటి రెండుగా కనిపిస్తుంది. నెలల పిల్లల్లో మాడు ఉబ్బుతుంది, కనుగుడ్లు కిందికి వాలిపోతాయి. వృద్ధుల్లో తలనొప్పి లేకుండానే నడక తడబడొచ్చు, మూత్రం ఆపుకోలేకపోవచ్చు, మతిమరుపు రావొచ్చు.

కుట్ల దగ్గర మెత్తటి ఉబ్బు కనిపించినా, అక్కడినుంచో ముక్కునుంచో నీళ్లలాంటి ద్రవం కారినా అదే రోజు సర్జన్‌కు చెప్పాలి. జ్వరంతో మెడ పట్టేస్తే ఇన్ఫెక్షన్ కావొచ్చు. లేపినా సరిగా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

స్కాన్‌లో గదులు ఉబ్బి కనిపిస్తే ద్రవాన్ని బయటికి తీస్తారు, లేదా ఎండోస్కోపీతో కొత్త దారి చేస్తారు. చాలామందికి షంట్ వేస్తారు. తలలోంచి చర్మం కిందుగా పొట్టలోకి సన్నటి గొట్టం, మధ్యలో కవాటం. 1950ల్లో అమెరికాలో జాన్ హోల్టర్ అనే మెకానిక్ తన కొడుకు జబ్బు చూసి అలాంటి కవాటం తయారుచేశాడు. షంట్ కూడా పూడుకుపోవచ్చు. అప్పుడూ ఇవే లక్షణాలు వస్తాయి. అందుకే షంట్ ఉన్నవాళ్ల ఇంట్లో నిన్నటి మనిషికీ ఇవాళ్టి మనిషికీ తేడా గమనించి, అది ఎప్పుడు మొదలైందో రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించండి.