8 నిమిషాలు, 38 రోజులు: నది అడుగున ఓడను చూడాలంటే

ఖరగ్‌పూర్‌లో హౌరా లోకల్ ఎక్కితే పాంస్కురా, మేచెదా దాటాక కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది వస్తుంది. దాని మీద రైలు వంతెన 1900లో మొదలైంది. వేసింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. ఆ రైల్వే కొలువుల కోసమే ఉత్తరాంధ్ర ఊళ్ల నుంచి వేల కుటుంబాలు ఖరగ్‌పూర్ చేరాయి. అదే స్టేషన్‌లో మద్రాసు వైపు వెళ్లే రైలెక్కితే రాజమండ్రిలో గోదావరి దాటుతాం. ఒకే లైను మీద ఉన్న ఈ రెండు నదుల దారుల్లోనూ మునిగిన ఓడల కథలున్నాయి. రైలు కిటికీలోంచి చూస్తే రెండుచోట్లా కనిపించేది మట్టిరంగు నీళ్లే. ఆ నీళ్లలోకి ఆక్సిజన్ సిలిండర్ కట్టుకుని దూకితే ఓడ కనిపిస్తుందనుకుంటారు చాలామంది. అసలు ఆ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, మామూలు గాలి. ఇక ఓడ కనిపిస్తుందా లేదా అన్నది ధైర్యం తేల్చే సంగతి కాదు, అంకెలు తేల్చేది.

ముందు రూప్‌నారాయణ్ సంగతి. కోలాఘాట్ దాటాక ఆ నది దక్షిణంగా పోయి గేంవ్‌ఖాలీ దగ్గర హుగ్లీలో కలుస్తుంది. దానికి కాస్త ఎగువన దామోదర్ కూడా హుగ్లీలోనే కలుస్తుంది. రెండు నదులు మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు ఆ రెండు సంగమాల మధ్య మేట వేస్తాయి. ఆ ఇసుక దిబ్బల పేరు జేమ్స్ అండ్ మేరీ. 1694లో అక్కడ మునిగిపోయిన ‘రాయల్ జేమ్స్ అండ్ మేరీ’ అనే ఇంగ్లిష్ ఓడ పేరే దిబ్బలకు వచ్చింది. కలకత్తాకు ఓడలు నడిపే పైలట్లు తరతరాలుగా భయపడిన చోటు ఇది.

భయానికి కారణముంది. 1877లో ‘కౌంటీ ఆఫ్ స్టర్లింగ్’ అనే ఓడ గోధుమల సరుకుతో ప్రయాణిస్తూ ఈ దరిదాపుల్లోనే ఇసుకకు తగిలింది. తగిలిన 8 నిమిషాల్లో సరుకుతో సహా నీళ్లలో మాయమైంది. సముద్రంలో చిల్లుపడిన ఓడ గంటల తరబడి తేలుతూ ఉండొచ్చు. నదిలో అలా కాదు. ఓడ అడుగు ఇసుకలో ఇరుక్కోగానే నడక ఆగుతుంది, ప్రవాహం మాత్రం ఆగదు. పక్క నుంచి తోస్తుంది. ఓడ ఒరుగుతుంది. ఒరిగిన వైపు నీరు సుడి తిరిగి అడుగున ఇసుకను తవ్వేస్తుంది, ఓడ ఆ గోతిలోకి దొర్లుతుంది. తర్వాత అదే ఇసుక దాన్ని కప్పేస్తుంది.

ఇంత జరిగాక కిందేమైనా మిగులుతుందా? మంచినీళ్లలో అయితే మిగలడానికి ఎక్కువ అవకాశం ఉంది. ఉప్పునీటిలో చెక్కను తొలిచే ఓడపురుగు ఒకటి ఉంటుంది. పురుగు అంటాం గానీ అది నత్తల, ఆల్చిప్పల జాతిది. కొన్నేళ్లలో చెక్క ఓడను జల్లెడ చేసేస్తుంది. అసలైన మంచినీటిలో అది బతకదు. ఇనుము కూడా ఉప్పునీటిలో కంటే మంచినీటిలో నెమ్మదిగా తుప్పు పడుతుంది. హుగ్లీ ముఖద్వారం మాత్రం పూర్తి మంచినీరూ కాదు, పూర్తి ఉప్పునీరూ కాదు. సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు లోపలికి వస్తుంది. కాబట్టి జేమ్స్ అండ్ మేరీ దగ్గర చెక్క భద్రంగా ఉందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మంచినీటి ఓడల అసలు భాండాగారం ఉత్తర అమెరికాలోని 5 మహా సరస్సులు. అక్కడ మునిగిన ఓడలు సుమారు 6,000 అని అంచనా. కెనడాలోని టోబర్‌మోరీలో ‘స్వీప్‌స్టేక్స్’ అనే తెరచాప ఓడ 1885లో మునిగింది. సుమారు 6 మీటర్ల లోతులోనే ఉంది, నేటికీ దాని చెక్క ఒడలు గుర్తుపట్టేలా ఉంది. ఈత వచ్చినవాళ్లు ముఖానికి మాస్కు పెట్టుకుని పైనుంచే చూస్తారు. ఆ సరస్సులకు మూడు వరాలున్నాయి: అడుగున నీరు ఏడాది పొడుగునా 4 డిగ్రీల దరిదాపుల్లో చల్లగా ఉంటుంది, నదిలాంటి ప్రవాహం ఉండదు, మట్టి తక్కువ. 1980ల చివర్లో పరాయి జాతి జీబ్రా ఆల్చిప్పలు చేరి నీటిని వడకట్టడంతో చూపు ఇంకా దూరం ఆనుతోంది. అయితే అవే ఆల్చిప్పలు ఓడల మీద పెచ్చులు పెచ్చులుగా పేరుకుపోయి చెక్కనూ లోహాన్నీ పాడుచేస్తున్నాయి.

అక్కడా లోతు పెరిగితే లెక్క మారిపోతుంది. 1975 నవంబర్ 10న సుపీరియర్ సరస్సులో ‘ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్’ అనే 222 మీటర్ల సరుకు ఓడ 29 మంది సిబ్బందితో మునిగింది. ఒక్కరూ బతకలేదు. ఆ ఓడ 162 మీటర్ల లోతున ఉంది. 1995లో ఇద్దరు డైవర్లు సిలిండర్ కట్టుకుని దిగే స్కూబా పరికరాలతోనే దాన్ని చేరారు. దిగడానికి 6 నిమిషాలు, ఓడను చూడటానికి 6 నిమిషాలు, పైకి రావడానికి 3 గంటలు పట్టింది.

ఆ 3 గంటలు ఎందుకంటే, మంచినీటిలో ప్రతి 10.3 మీటర్లకు ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. 162 మీటర్ల దగ్గర మనిషి మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి 16 రెట్లు దాటుతుంది. ఆ ఒత్తిడికి పీల్చిన వాయువు రక్తంలో, కండల్లో కరుగుతుంది. గబగబా పైకి వస్తే సోడా సీసా మూత తీసినట్టు అది బుడగలుగా పొంగి నరాలను, కీళ్లను దెబ్బతీస్తుంది. అందుకే మధ్య మధ్య ఆగుతూ రావాలి. ఒత్తిడి పెరిగినకొద్దీ మామూలు గాలి కూడా విషమవుతుంది. దాదాపు 30 మీటర్ల నుంచి నైట్రోజన్ మత్తు ఎక్కిస్తుంది, 60 మీటర్ల దరిదాపుల్లో ఆక్సిజనే మూర్ఛ తెప్పించగలదు. ఆ ఇద్దరూ హీలియం కలిపిన వాయువు వాడింది ఇందుకే. సరదాకు డైవ్ చేసేవాళ్లకు తొలి శిక్షణతో 18 మీటర్లు, తర్వాతి మెట్టులో 30, ఎంత నేర్చినా 40 మీటర్లే హద్దు.

ఈ లెక్కలతో మన గోదావరికి వద్దాం.

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. గండిపోచమ్మ గుడి దగ్గర పర్యాటకులను ఎక్కించుకుని పాపికొండలకు బయల్దేరిన ‘రాయల్ వశిష్ఠ’ బోటు, అప్పటి తూర్పుగోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర సుడిలో తిరగబడింది. బోటులో 77 మంది. దగ్గర్లోని తూటుగుంట వాసులు పడవలు వేసుకుని ఎదురెళ్లి కాపాడగలిగింది 26 మందిని. మిగతా 51 మందిని గోదావరి మింగేసింది. ఆ రోజు నదిలో వరద సుమారు 5 లక్షల క్యూసెక్కులు. అంటే సెకనుకు 1.42 కోట్ల లీటర్లు. కిలోమీటర్ల వెడల్పున పారే నది ఆ కొండల మధ్య ఇరుకు సందులోంచి దూరుతుంది. వెడల్పు తగ్గితే వేగమూ లోతూ పెరుగుతాయి. ప్రవాహ వేగం రెట్టింపైతే మనిషి మీద దాని తోపు నాలుగు రెట్లవుతుంది, మూడు రెట్లైతే తొమ్మిది రెట్లు. గజ ఈతగాడైనా స్కూబా సామానుతో సెకనుకు అర మీటరు ప్రవాహానికి ఎదురీది ఎక్కువసేపు నిలవలేడు.

బోటు ఉన్న లోతు 200 అడుగులు దాటుతుందని అప్పట్లో అంచనా వేశారు. 210 అడుగులు, అంటే 64 మీటర్లు అనుకుని లెక్క వేద్దాం. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో గాలి నింపితే 2,400 లీటర్లు. నింపాదిగా ఉన్న డైవర్ ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడు, ఆ లెక్కన 2 గంటలు వస్తుంది. 10 మీటర్ల లోతున ఒత్తిడి దాదాపు రెట్టింపు, గాలి గంటకు సరిపోతుంది. 64 మీటర్ల దగ్గర ఒత్తిడి 7 రెట్లు దాటి నిమిషానికి 144 లీటర్లు ఖర్చవుతుంది. సిలిండర్ మొత్తం 17 నిమిషాలు కూడా రాదు. వరదకు ఎదురీదుతూ రొప్పితే అందులో సగం. పైకి రావడానికే నిమిషానికి 9 మీటర్ల చొప్పున 7 నిమిషాలు, దారిలో ఆగే సమయం వేరే. పైగా వరద గోదావరిలో చెయ్యి చాపితే వేళ్లు కనబడవు. నౌకాదళం, ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందాలు వచ్చి కూడా బోటును వెంటనే పైకి తేలేకపోయాయని అప్పట్లో చాలామంది కోప్పడ్డారు. ఆత్మీయుల కోసం ఒడ్డున కూర్చున్న కుటుంబాల కోపం న్యాయమైనదే. కానీ ఈ లెక్క చూశాక, ఆ నీళ్లలోకి స్కూబా డైవర్‌ను దింపడం అంటే మరో ప్రాణాన్ని పందెం కాయడమే అనక తప్పదు.

బోటు జాడ పట్టింది కళ్లు కాదు, చెవులు. సైడ్ స్కాన్ సోనార్ అనే పరికరాన్ని పడవకు కట్టి లాగుతారు. అది ధ్వనిని పక్కలకు పంపి, అడుగున తగిలి తిరిగొచ్చిన చప్పుడుతో బొమ్మ గీస్తుంది. నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,480 మీటర్లు, గాలిలో కంటే 4 రెట్లు పైన. మట్టి నీళ్లు వెలుతురును ఆపేస్తాయి గానీ ధ్వనిని అంతగా ఆపలేవు.

వెలికితీత పనిని రూ.22.70 లక్షలకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందానికి అప్పగించారు. వాళ్ల సరంజామా పంటు, లంగర్లు, ఇనుప తాడు, ఒడ్డున ప్రొక్లెయిన్. ఇనుప తాడును బోటు చుట్టూ ఉచ్చులా వేసి లాగడం పద్ధతి. తాడు తెగింది, లంగరు జారింది. ఒకసారి బోటు రెయిలింగ్ ముక్క మాత్రం ఊడి వచ్చింది. వరద పెరిగి పని ఆగిపోయింది. నీరు తగ్గాక, బోటు ఒడ్డువైపు కాస్త జరిగాక, అప్పుడు విశాఖపట్నం డైవర్లు దిగారు. కనబడని బోటును చేతులతో తడిమి తాడు బిగించి వచ్చారు. అక్టోబర్ 22న, మునిగిన 38వ రోజున, ఛిద్రమైన బోటు ఒడ్డుకు వచ్చింది. అందులో ఇంకా మృతదేహాలు ఉన్నాయి. వారాల తరబడి ఇనుప తాడుతో చేసిన పనికి చివరి ముడి వేసింది డైవర్ చెయ్యే. అయితే నది ఒప్పుకున్నాకే వేయగలిగింది. ఈ క్రమాన్ని నేను ప్రతి నదికీ పాఠంగా చెబుతాను: ముందు సోనార్, తర్వాత నీరు తగ్గేదాకా ఓపిక, చివర మనిషి.

మునిగిన ఓడ లోపలికి దూరడం ఇంకో ఎత్తు. తల మీద నీరు కాదు, పైకప్పు ఉంటుంది. తిన్నగా పైకి రావడానికి దారి లేదు. అందుకే మూడో వంతు నియమం పెట్టారు. 200 బార్ గాలిలో 66 లోపలికి పోవడానికి, 66 తిరిగి రావడానికి, మిగతాది ఆపదకు. లోపల పేరుకున్న ఒండ్రు ఒక్క కాలి తాకిడికి లేచిందంటే ద్వారం కనబడదు, వెంట పరిచిన తాడే దారి. సముద్రంలో నేర్చినవాళ్లు మంచినీటిలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఉప్పునీటి సాంద్రత లీటరుకు 1.025 కిలోలు, మంచినీటిది 1 కిలో. సామానుతో కలిపి 100 లీటర్ల ఘనపరిమాణం ఉన్న డైవర్ సముద్రంలో కట్టుకునే సీసం బరువుల్లో రెండున్నర కిలోలు తీసేయాలి, లేకపోతే అడుగుకు జారిపోతాడు. నదుల్లో వృత్తిగా పని చేసేవాళ్లకు స్కూబా కంటే ఒడ్డు నుంచి గొట్టంతో గాలి, శిరస్త్రాణంలో ఫోను ఉండే పద్ధతి మేలు. గాలి అయిపోదు, మాట వినబడుతుంది.

మరి జేమ్స్ అండ్ మేరీ దగ్గర 1694 నాటి ఓడ? మన చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన వస్తువు పురావస్తువు, ముట్టుకోవాలంటే అనుమతి కావాలి. భారత పురావస్తు శాఖకు 2001 నుంచి నీటి అడుగు విభాగం ఉంది. దేశంలో నౌకా నిర్మాణ ఇంజనీరింగ్‌ను తొలినాళ్ల నుంచి నేర్పుతున్న విభాగం ఐఐటీ ఖరగ్‌పూర్‌లోనే ఉంది, సంస్థ 1951లో మొదలైంది. రూప్‌నారాయణ్ సంగమం అక్కడికి రైలు ప్రయాణమంత దూరం. ఇసుక పొర కిందకు ధ్వని పంపి ఏముందో చూసే సాధనాలు నేడు ఉన్నాయి. చదువుకునే పిల్లలు ఆ పని తలకెత్తుకుంటే ఎవరూ నీళ్లలో దిగకుండానే సగం జవాబు దొరుకుతుంది.

గోదావరి మాట వేరు, అక్కడ ఏటా మనుషులు బోట్లెక్కుతున్నారు. పాపికొండల రేవుల్లో బోట్లు తిరిగినంత కాలం ఒక సోనార్, దాన్ని చదవగలిగే మనిషి, గాలి గొట్టంతో దిగగలిగే నలుగురు శిక్షణ పొందిన డైవర్లు రాజమండ్రిలో ఎల్లవేళలా ఉండాలి. ఆ డైవర్లకు బీమా ఉండాలి. ఇవి ప్రభుత్వం సమకూర్చలేనంత ఖరీదైనవి కావు.