జీపుకు ఎలక్ట్రిక్ వించ్ బిగించేటప్పుడు



కోరాపుట్ కొండల్లో వాన పట్టిందంటే దారి ఏదో, వాగు ఏదో తెలియదు. జయపురం నుంచి లోపలి ఊళ్ళకు వెళ్ళే మట్టిదారుల్లో జీపు చక్రాలు నాలుగూ తిరుగుతూనే ఉంటాయి, బండి మాత్రం ఉన్నచోట నుంచి కదలదు. వెనకటి రోజుల్లో పదిమంది తాడు వేసి లాగేవారు. ఇప్పుడు తోటల వాళ్ళు, కాంట్రాక్టర్లు చాలామంది బండి ముందు భాగాన ఎలక్ట్రిక్ వించ్ పెట్టించుకుంటున్నారు. వించ్ అంటే మరేమీ కాదు, మోటారుతో తిరిగే డ్రమ్ము, దానికి చుట్టిన ఉక్కు తాడు. తాడు చివర కొక్కేన్ని చెట్టుకు తగిలించి స్విచ్ నొక్కితే బండి తనను తానే బురదలోంచి పైకి లాక్కుంటుంది. అది సరిగా బిగిస్తేనే సుమండీ! లేకపోతే ఏమవుతుందో ముందుగా చెబుతాను.

2006 జూలైలో ఒక రాత్రి, నొప్పులు పడుతున్న ఒక తల్లిని ఆసుపత్రికి తీసుకువస్తున్న జీపు వాగు గట్టున దిగబడిపోయింది. ఆ బండిలో నేనూ ఉన్నాను. వించ్ కొత్తది, వారం కిందటే బిగించింది. స్విచ్ నొక్కాం. తాడు బిగిసింది, బండి మూర కదిలింది, ఆగింది. స్విచ్ మీద నుంచి వేలు తీసినా మోటారు మూలగడం మాత్రం ఆగలేదు. బానెట్ కింద నుంచి పొగ వచ్చింది. చీకట్లో, వానలో, స్పానర్ వెతికి బ్యాటరీ తీగ ఊడదీసేసరికి నా ప్రాణం పోయినంత పనయింది. చివరకు ఊరివాళ్ళు వచ్చి తాళ్ళతో లాగారు. తెల్లవారుజామున ఆసుపత్రి చేరాం. తల్లీ బిడ్డా క్షేమం. ఆ వించ్‌కు వైరింగు చేసింది ఎవరో కాదు, నేనే. ఆ రాత్రి నేను తెలుసుకున్నవే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మొదటిది వించ్ ఎంపిక. మీ బండి బరువు, మనుషులతో, సామానుతో కలిపి, ఎంతో తెలుసుకోండి. దానికి ఒకటిన్నర రెట్లు లాగగలిగిన వించ్ తీసుకోవాలి. బండి 2,400 కిలోలనుకుంటే 3,600 కిలోల వించ్ కావాలి. దుకాణంలో దీన్నే 8,000 పౌండ్ల వించ్ అంటారు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. పెట్టె మీద రాసిన బలం డ్రమ్ము మీద తాడు ఒక్క వరుసే మిగిలి ఉన్నప్పటిది. పైన వరుసలు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. అందుకని లాగేటప్పుడు దగ్గరి చెట్టుకన్నా దూరపు చెట్టు మేలు. అయితే డ్రమ్ము మీద కనీసం 5 చుట్లు ఉంచండి, లేకపోతే తాడు ఊడి వస్తుంది.

రెండవది బిగింపు. రేకు బంపరుకు వించ్ బిగిస్తే బంపరు ఊడి వస్తుంది, బండి మాత్రం బురదలోనే ఉంటుంది. చాసిస్ రెండు కమ్మీలకూ చేరేలా మందపు ఉక్కు ప్లేటు పెట్టి, 8.8 అని గుర్తు ఉన్న గట్టి బోల్టులు వాడాలి. తాడు డ్రమ్ముకు ఏ వైపు నుంచి చుట్టాలో తయారీదారు చూపిన విధంగానే చుట్టాలి. సాధారణంగా కింది వైపు నుంచి వస్తుంది. చాలా వించ్‌లలో బ్రేకు ఒక దిక్కుకే పట్టుకుంటుంది. తిరగేసి చుడితే బరువు పడ్డప్పుడు అది పట్టదు, బండి వెనక్కి జారుతుంది.

ఇక అసలు విషయం వైరింగు. ఈ మోటారు పూర్తి బరువు మీద 400 ఆంపియర్ల వరకు తీసుకోగలదు. 12 వోల్టులను 400తో గుణిస్తే 4,800 వాట్లు. ఇంట్లో 75 వాట్ల ఫ్యాన్లు 64 తిప్పేంత కరెంటు! ఇంటి 230 వోల్టులలో అంత పనికి 21 ఆంపియర్లు చాలు. 12 వోల్టులు కాబట్టే ఆంపియర్లు ఇంతగా పెరుగుతాయి. ఆంపియర్లు పెరిగినప్పుడు తీగ లావు పెరగాలి.

నేను చేసిన మొదటి తప్పు అక్కడే. లావు కేబుల్ ఆ రోజు దొరకలేదని చేతిలో ఉన్న 10 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేశాను. రానూపోనూ 4 మీటర్లు. 400 ఆంపియర్ల దగ్గర ఆ కేబుల్‌లోనే దాదాపు 3 వోల్టులు పోతాయి. అంటే సుమారు 1,200 వాట్లు వేడిగా మారతాయి. ఒక ఇస్త్రీపెట్టెను బానెట్ కింద పెట్టి వదిలేసినట్లన్నమాట. అదే 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే ఒక వోల్టు కూడా పోదు. కాబట్టి 35కు తగ్గకండి. వించ్‌తో వచ్చిన కేబుల్ పొడవు చాలకపోతే అతుకు వేయకండి, లావు కేబుల్ కొత్తగా వేయండి.

రెండో తప్పు, మైనస్ తీగను చాసిస్‌కు తగిలించడం. రంగు, తుప్పు ఉన్న చోట కరెంటు సరిగా పోదు. హెడ్‌లైటుకు అది చెల్లుతుంది, వించ్‌కు చెల్లదు. ప్లస్ ఎంత లావో మైనస్ అంత లావు కేబుల్ మోటారు నుంచి నేరుగా బ్యాటరీకి వేయాలి.

వోల్టులు తగ్గితే ఇంకో ప్రమాదం ఉంది. మన చేతిలోని చిన్న స్విచ్ పెద్ద కరెంటును నేరుగా ఆపలేదు. కంట్రోల్ పెట్టెలోని సోలినాయిడ్ ఆ పని చేస్తుంది. వోల్టులు చాలకపోతే దాని కాంటాక్టులు గట్టిగా అంటుకోక టకటక కొట్టుకుంటాయి, నిప్పురవ్వలకు కరిగి అతుక్కుపోతాయి. ఆ రాత్రి వేలు తీసినా మోటారు ఆగకపోవడానికి కారణం ఇదే. అందుకే బ్యాటరీకి దగ్గరగా, ప్లస్ కేబుల్‌లో, వించ్ కరెంటును తట్టుకునే ఐసొలేటర్ స్విచ్ ఒకటి తప్పనిసరిగా పెట్టండి. వించ్ వాడేటప్పుడు మాత్రమే దాన్ని ఆన్ చేయండి. నేను పెట్టలేదు. అది నా మూడో తప్పు.

ఇప్పుడు కలిపే వరుస చూద్దాం. ముందుగా బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయండి. చాలా రకాలలో కంట్రోల్ పెట్టె నుంచి మూడు పొట్టి కేబుళ్ళు మోటారు మీద ఏ, ఎఫ్1, ఎఫ్2 అనే మరలకు పోతాయి. ఎఫ్1, ఎఫ్2 తారుమారైతే డ్రమ్ము ఎదురు తిరుగుతుంది. పెట్టె నుంచి వచ్చే సన్నని నల్ల తీగ మోటారు మైనస్ మరకు పోవాలి. ఆ పైన మైనస్ కేబుల్, ప్లస్ కేబుల్, ఐసొలేటర్. అన్నీ బిగించాక చివరికి బ్యాటరీ మైనస్ తగిలించాలి. కేబుల్ చివరి లగ్గులను సుత్తితో కొట్టకండి, క్రింపింగ్ పనిముట్టుతో నొక్కించండి. సైలెన్సర్ గొట్టానికి, ఫ్యాను రెక్కలకు దూరంగా కేబుళ్ళు నడపండి. రేకు చిల్లి గుండా పోయే చోట రబ్బరు గ్రోమెట్ పెట్టండి. లేకపోతే అదురుకు పొర కోసుకుపోయి, ప్లస్ కేబుల్ నేరుగా బాడీకి తగిలి మంట పుడుతుంది.

బిగించిన రోజే చదునైన నేల మీద పరీక్షించండి. క్లచ్ వదిలి తాడును చేత్తో లాగి, మళ్ళీ క్లచ్ వేసి, కొద్ది బరువు మీద వరుసగా చుట్టండి. వదులుగా చుట్టిన తాడు లాగేటప్పుడు కింది వరుసల్లోకి దిగి ఇరుక్కుంటుంది.

వాడకం గురించి రెండు మాటలు. ఇంజను నడుస్తూ ఉండాలి. 300 ఆంపియర్లతో ఒక్క నిమిషం లాగితే బ్యాటరీ నుంచి 5 ఆంపియర్-అవర్లు పోతాయి. ఆల్టర్నేటర్ దాన్ని తిరిగి నింపడానికి ఎన్నో నిమిషాలు పడుతుంది. కొద్దికొద్దిగా లాగి, ఆపి, మోటారు మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఆననంత వేడిగా ఉంటే చల్లారనివ్వండి. బలం చాలకపోతే కప్పీ వాడండి. తాడును కప్పీ గుండా తిప్పి కొక్కేన్ని మళ్ళీ బండికే తగిలిస్తే బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది.

ఉక్కు తాడు తెగితే కొరడాలా కొడుతుంది. అందుకని తాడు మధ్యలో తడి గోనెసంచి వేయండి. పిల్లలనీ, చూడవచ్చిన వాళ్ళనీ తాడు పొడవుకన్నా దూరంగా నిలబెట్టండి. బిగిసిన తాడును ఎన్నడూ దాటకండి. చేతికి తోలు గ్లవ్స్ తప్పనిసరి. చెట్టుకు తాడు నేరుగా కట్టకుండా వెడల్పాటి పట్టీ వాడితే చెట్టు బెరడూ తాడూ రెండూ దక్కుతాయి.

ఒక్క మాట చట్టం గురించి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దులు పెట్టింది. 2017లో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ముందు తగిలించే క్రాష్ గార్డులు, బుల్ బార్లు అనధికారమని రాష్ట్రాలకు తెలియజేసింది. కాబట్టి ముందుగా మీ ఆర్.టి.ఓ. కార్యాలయంలో కనుక్కుని పని మొదలుపెట్టండి.

పొర కరిగిపోయిన ఆ కేబుల్ ముక్క మా షెడ్డులో ఇప్పటికీ మేకుకు వేలాడుతూ ఉంది. పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్ళకు ముందుగా దాన్నే చూపిస్తాను. కేబుల్ దగ్గర మిగుల్చుకునే నాలుగు డబ్బులు వానలో, చీకట్లో, ఎవరి ప్రాణం మీదకు తెస్తాయో మనకు ముందుగా తెలియదు కదా!