వ్రాతప్రతుల ఛాయాచిత్ర సంస్కరణము – మానిటరు వర్ణదోష పరిహారము

కాగితపు వ్రాతప్రతులలో, ముఖ్యముగా దేవనాగరి ప్రతులలో, వ్రాయసకాడు తప్పు దొరలినచోట హరితాళపు పూత పూసి, దానిపై సరియైన అక్షరమును వ్రాయుట కలదు. ఆ పసుపు మచ్చ పాఠపరిష్కర్తకు విలువైన సాక్ష్యము. అది కనబడినచో పైనున్నది దిద్దిన పాఠమనియు, క్రింద వేరొక పాఠమున్నదనియు తెలియును. కనబడనిచో దిద్దుబాటే ప్రథమ పాఠముగా ముద్రణకెక్కును. నేడు మనలో పెక్కురు ప్రతిని చేతబట్టి కాక, దాని డిజిటల్ ఛాయాచిత్రమును కంప్యూటరు తెరపై చూచి పాఠనిర్ణయము చేయుచున్నారు. కావున తెర పసుపును పసుపుగా చూపుచున్నదా అను ప్రశ్న ఛాయాగ్రాహకులకు మాత్రమే విడిచిపెట్టదగినది కాదు.

ఛాయాచిత్రపు ఫైలులో ఉండునవి రంగులు కావు, సంఖ్యలు. సాధారణమైన 8 బిట్ల ఫైలులో ప్రతి బిందువునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడింటికి 0 మొదలు 255 వరకు ఒక్కొక్క సంఖ్య ఉండును. 200, 160, 60 అనినచో పసుపు జాతి వర్ణమని తెలియునే కాని, ఏ పసుపో తెలియదు. ‘రస’ శబ్దము భూతసంఖ్యలలో 6ను చెప్పును. ఆలంకారికుని నోట 9ని స్ఫురింపజేయును. ఏ శాస్త్రములోని మాటయో ఎరిగినగాని అర్థము నిశ్చయము కాదు. సంఖ్యల విషయమున ఆ శాస్త్రమేదో చెప్పునదే ప్రొఫైలు. వీని రూపమును నిర్ణయించిన ఐ.సి.సి. అను అంతర్జాతీయ సమాఖ్య 1993లో ఏర్పడినది. నేడు సర్వత్ర వాడుకలో ఉన్న ఎస్ఆర్‌జీబీ 1996లో ప్రతిపాదితమై, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైనది. 1998 నాటి అడోబ్ ఆర్‌జీబీ దానికంటె విశాలమైనది.

ఇచ్చట రెండు ప్రొఫైళ్లు పనిచేయుచున్నవని గ్రహింపవలెను. మొదటిది ఫైలులో పొదిగినది. ఈ సంఖ్యలకు అర్థమైన వర్ణమేదో అది చెప్పును. రెండవది మానిటరుకు సంబంధించినది. ఆ వర్ణము తెరపై వెలయుటకు ఏ సంఖ్యలు పంపవలెనో అది చెప్పును. ఫొటోషాపు వంటి ప్రోగ్రాము ఈ రెండింటిని సమన్వయించును. రెండవది అబద్ధమైనచో ఫైలు నిర్దోషమైనను చిత్రము వికృతముగా కనబడును. మానిటరు తయారీదారు ఇచ్చిన ప్రొఫైలు, విండోస్ తనంతట తాను తెచ్చిపెట్టుకొన్నది, చెడిపోయి తెల్ల కాగితమును పచ్చగా చూపుట తరచుగా జరుగుచున్నది.

దోషమెచ్చటనో కనుగొనుట కష్టము కాదు. ఒకే చిత్రమును వర్ణసమన్వయము చేయు ప్రోగ్రాములో ఒకమారు, చేయని ప్రోగ్రాములో ఒకమారు తెరచి చూడవలెను. మొదటిదానిలో మాత్రమే పసుపు కమ్మినచో మానిటరు ప్రొఫైలే దోషి. రెండింటను కమ్మి, తెరపైని ఇతరమైన తెలుపులన్నియు అట్లే ఉన్నచో మానిటరు బొత్తాముల అమరిక, లేదా సాయంకాలమున తెరను ఎర్రబరచు నైట్ లైట్ కారణము. (ఈ రెండవదానిని మరచి రాత్రివేళ రంగులు దిద్దువారు లేకపోలేదు.) తక్కిన తెలుపులు సరిగానుండి, ఆ చిత్రమొక్కటియే ఎచ్చట తెరచినను పచ్చగానున్నచో దోషము చిత్రము తీసిన దీపపు వెలుగులోనిది.

తాత్కాలిక చికిత్స ఇది. విండోసులో కలర్ మేనేజ్‌మెంట్ అనుదానిని తెరచి, డివైసెస్ పుటలో మానిటరును ఎంచి, ‘యూజ్ మై సెట్టింగ్స్ ఫర్ దిస్ డివైస్’ అనుచోట టిక్కు పెట్టి, ఉన్న ప్రొఫైలును తొలగించి, ఎస్ఆర్‌జీబీ ఐఈసీ 61966-2.1 అనుదానిని చేర్చి డిఫాల్టుగా నిలుపవలెను. పిదప ఫొటోషాపును మూసి మరల తెరువవలెను. సామాన్యమైన తెరలకు ఇది చాలినంత ఉపశమనము. విశాలవర్ణములు గల తెరకు మాత్రము ఇది చాలదు; అందు ఇంగిలీకపు ఎరుపు మండిపడుచున్నట్లు కనబడును.

సరియైన చికిత్స కొలత. తెరపై వ్రేలాడదీయు కలరిమీటరు అను చిన్న యంత్రము, తెరపై వరుసగా వచ్చు రంగుల పట్టీలను కొలిచి, ఆ తెరకే చెందిన ప్రొఫైలును నిర్మించును. డిస్‌ప్లేక్యాల్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఇందుకు కలవు. తెర వెలిగించి అరగంటయైన గడచిన పిమ్మట, తెలుపును 6500 కెల్విన్ల వద్దను, గామాను 2.2 వద్దను, వెలుగును చదరపు మీటరుకు 80 మొదలు 120 క్యాండెలాల నడుమను నిలిపి కొలుచుట వాడుక. తెర కాలక్రమమున మారును గనుక అప్పుడప్పుడు మరల కొలువవలెను.

ఇక అన్నిటికంటె హానికరమైనది, తెర దోషమును చిత్రముపై తీర్చుకొనుట. తెర అబద్ధముగా పసుపును చూపుచున్నది. సంస్కర్త ఆ పసుపును తగ్గించి నీలమును పెంచును. తన తెరపై పత్రము చక్కగానే ఉన్నది. కాని ఫైలులో కాగితము నీలివన్నెకు తిరిగినది, హరితాళము వెలవెలబోయి కాగితములో కలసిపోవుచున్నది. నిర్దోషమైన తెర గల మరియొక పండితుడు దానిని తెరచినపుడు ఆతనికి దిద్దుబాటు జాడ దొరకుట దుర్లభము. పాతబడిన ప్రతి పచ్చగానుండుట సహజమే కదా అని ఉపేక్షించువారు, ఏ పచ్చ కాగితపుదో, ఏ పచ్చ వ్రాయసకానిదో చూడవలసియున్నదని మరువరాదు.

మరియొక పొరపాటు ‘అసైన్’, ‘కన్వర్ట్’ అను రెండు క్రియల భేదము తెలియమి. గ్రంథలిపిలోని శ్లోకమును తెలుగు లిపిలోనికి ఎత్తి వ్రాసినచో రూపము మారును, ధ్వని నిలుచును, కన్వర్ట్ అట్టిది. సంఖ్యలు మారును, వర్ణము నిలుచును. అసైన్ చేసినచో సంఖ్యలు నిలిచి వర్ణము మారును. ఒక లిపిలోని అక్షరమును వేరొక లిపిగా భావించి చదివినట్లగును. మానిటరు ప్రొఫైలును చిత్రమునకు అసైన్ చేయుట గాని, ఫొటోషాపులో వర్కింగ్ స్పేసుగా నిలుపుట గాని ఎన్నడును కూడదు.

కెమెరా నుండి వచ్చిన మూలఫైలును ముట్టక భద్రపరచి, మార్పులను నకలుపైననే చేయవలెను. చిత్రము తీయునపుడే పత్రము ప్రక్కన రంగుల పట్టికను ఉంచినచో మరియొక సాక్షి దొరకును. దానిలోని నడిమి బూడిదవన్నె గడిపై ఐడ్రాపరును నిలిపి సంఖ్యలను చదువవలెను. ఎస్ఆర్‌జీబీలోను, అడోబ్ ఆర్‌జీబీలోను మూడు సంఖ్యలు ఇంచుమించు సమానముగా ఉన్నచో ఫైలు తెలుపు–నలుపుల విషయమున సమతూకములో ఉన్నట్లే. ఈ సంఖ్యలు ఫైలులోనివి గనుక తెర ఎంత చెడినను మారవు. సంఖ్యలు సమానముగా ఉండియు గడి కంటికి పచ్చగా కనబడుచున్నచో, చేయి వేయవలసినది చిత్రముపై కాదు, మానిటరుపై.