రెప్ప మీద నిలిచిన రంగు

సనత్‌నగర్, అమీర్‌పేట ఫ్యాన్సీ షాపుల్లో గాజుల పెట్టెల పక్కన బొటనవేలంత డబ్బాలు వరసగా కనిపిస్తాయి. మూత తీస్తే రాగిరంగులోనో బంగారు రంగులోనో మెత్తటి ముద్ద. అదే క్రీమ్ ఐషాడో. పైరెప్ప అంతటా పూసి అలాగే వదిలేయవచ్చు. లేదంటే దాన్ని బేస్‌గా వేసుకుని పైన పొడి ఐషాడో అద్దవచ్చు. చూడటానికి ఇది నిన్న మొన్నటి ఫ్యాషన్ సరుకు. కానీ కొవ్వులో రంగు కలిపి కంటికి పెట్టుకోవడం మనిషికి వేల ఏళ్లుగా తెలుసు. మన ఇళ్లలో దాని పేరు కాటుక.

ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, దానికి పట్టిన మసిని గీకి, ఆముదంతోనో నెయ్యితోనో రంగరించి కాటుకకాయలో దాచేవారు. ఇందులో రసాయన శాస్త్రం చాలా ఉంది. మసి దాదాపు శుద్ధ కార్బన్. దాని రేణువులు అతి సూక్ష్మం. వట్టి మసి అద్దితే రాలిపోతుంది. ఆముదంలో ఎనభై అయిదు శాతానికి పైగా ఉండే రిసినోలియిక్ ఆమ్లంలో ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది. వంటనూనెల్లో అది అరుదు. దానివల్లే ఆముదం అంత చిక్కగా ఉంటుంది, రంగు రేణువులను బాగా తడిపి పట్టుకుంటుంది. లిప్‌స్టిక్ నుంచి క్రీమ్ ఐషాడో దాకా ఎన్నో సౌందర్య సాధనాల్లో ఇప్పటికీ ఆముదం ఉన్నది అందుకే. పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండే ఆ పంట మీద రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ పనిచేస్తోంది. ఫ్యాన్సీ షాపు డబ్బాకూ తెలంగాణ చెలకకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని చెప్పుకోకపోవడం నాకు వెలితిగానే ఉంటుంది.

రంగు నిలవడం ఒక సమస్య. కంటికి హాని చేయకపోవడం అంతకంటే పెద్ద సమస్య. పాత రంగుల్లో చాలా వాటిలో విషం ఉండేది. ప్రాచీన ఈజిప్టులో కళ్లకు పెట్టుకున్న నల్లరంగుకు ముఖ్య ముడిసరుకు గెలీనా, అంటే సీసపు ఖనిజం. మన వీధి భాగవతుల ముఖాలకు పసుపు వన్నె తెచ్చిన అరదళంలో ఉన్నది ఆర్సెనిక్. 1933లో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు వాడిన ఆడవాళ్ల కళ్లు దెబ్బతిన్నాయి, కొందరికి చూపే పోయింది. ఆ దారుణం 1938లో అక్కడ కొత్త ఔషధ, సౌందర్య సాధనాల చట్టం రావడానికి ఒక కారణమైంది. మన దేశంలోనూ సౌందర్య సాధనాలకు రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడటాన్ని చట్టం నిషేధించింది.

సినిమా ఈ కథను మరో మలుపు తిప్పింది. నాటకాల వాళ్లు వాడే గట్టి గ్రీజ్ పెయింట్ దూరం నుంచి బాగానే ఉండేది. కెమెరా దగ్గరికి వచ్చేసరికి ముఖం మీద పగుళ్లు కనిపించేవి. 1914లో హాలీవుడ్ మేకప్ నిపుణుడు మాక్స్ ఫాక్టర్ దాన్ని పల్చటి క్రీమ్‌గా మార్చి సీసాలో పెట్టాడు. 1930లలో రంగుల సినిమా దీపాల కింద ముఖం జిడ్డుగా మెరవడంతో తడి స్పంజితో అద్దే పాన్‌కేక్ తెచ్చాడు. మద్రాసులో జెమినీ స్టూడియోకు ఈ పాన్‌కేక్ లారీలకొద్దీ వచ్చేదని, సికింద్రాబాద్‌లో పుట్టి జెమినీలో ఉద్యోగం చేసిన తమిళ రచయిత అశోకమిత్రన్ రాశారు. సనత్‌నగర్‌కు కూతవేటు దూరంలో అమీర్‌పేటలో సారథి స్టూడియో లేచి, 1959లో ‘మా ఇంటి మహాలక్ష్మి’ విడుదలయ్యాక, మేకప్ రూముల విద్య హైదరాబాద్‌కూ వచ్చింది.

మెరుపు సంగతి వేరు. ఒకప్పుడు ముత్యపు మెరుపు కోసం చేప పొలుసుల నుంచి తీసిన పదార్థం వాడేవారు. 1963లో అమెరికన్ సంస్థ డ్యూపాంట్‌కు ఒక పేటెంట్ దక్కింది: అభ్రకపు పలుకుల మీద టైటానియం డయాక్సైడ్ పల్చటి పూత. నెల్లూరు, గూడూరు ప్రాంతాల వాళ్లకు అభ్రకం కొత్త కాదు, అక్కడి గనులు ప్రసిద్ధం. ఆ పూత మందం యాభై నానోమీటర్లు ఉంటే వెండి మెరుపు. ఇంకొంచెం పెరిగితే బంగారం, ఆ తరువాత ఎరుపు, నీలం, ఆకుపచ్చ. సబ్బు బుడగ మీద రంగులు ఆడే సూత్రమే ఇదీ. అయితే జార్ఖండ్, బిహార్‌లలో అభ్రకం ఏరే పనిలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఆ మెరుపు వెనక ఆ చేతులున్నాయని మరచిపోకూడదు.

ఇక రెప్ప. ఒంట్లో చర్మం అన్నిటికంటే పల్చగా ఉండేది అక్కడే, దాదాపు అర మిల్లీమీటరు. నిమిషానికి పదిహేనుసార్లకు అటూ ఇటూగా మూసుకుంటుంది, ప్రతిసారీ మడత పడుతుంది. జిడ్డు, చెమట సరేసరి. క్రీమ్ ఐషాడోలో మైనపు స్ఫటికాలు పేకమేడలా అల్లుకుని, సందుల్లో నూనెను పట్టి ఉంచుతాయి. తేనెమైనం కరిగేది అరవై రెండు డిగ్రీల దాకా వేడెక్కితేనే. కార్నోబా మైనానికి ఎనభై దాటాలి. మరి మే నెలలో నలభై రెండు డిగ్రీల హైదరాబాద్ ఎండకే రంగు ఎందుకు మడతలోకి జారుతుంది? మైనం కరగనక్కర్లేదు, చర్మపు జిడ్డు కలిసి ఆ అల్లిక మెత్తబడితే చాలు. అందుకే ఇప్పటి క్రీముల్లో ఐసోడోడెకేన్ లాంటి త్వరగా ఆవిరయ్యే ద్రవాలు, సిలికోన్ రెజిన్లు కలుపుతున్నారు. ద్రవం నిమిషంలోపే ఎగిరిపోతుంది, రంగును బిగించిన సాగే పొర మిగులుతుంది.

ఇది తెలిస్తే పూసే పద్ధతి దానంతటదే తెలుస్తుంది. పల్చగా పూయాలి, మందంగా పూస్తే లోపలి ద్రవం ఆరదు. వేలితో పూయడమే మేలు, ఒంటి వెచ్చదనానికి మైనం మెత్తబడి సమంగా పరుచుకుంటుంది. పొడి ఐషాడో వేసేదుంటే క్రీమ్ ఇంకా కాస్త జిగటగా ఉండగానే బ్రష్‌తో అద్దాలి, రుద్దకూడదు. పొడి మీద క్రీమ్ పూస్తే ఉండలు కడుతుంది. మన చామనఛాయకు లేత గులాబీ, లేత నీలం బూడిద పూసినట్టు కనిపిస్తే తప్పు చర్మానిది కాదు, రంగును పలచన చేయడానికి కలిపిన తెల్లటి టైటానియం డయాక్సైడ్‌ది. ఐరన్ ఆక్సైడ్లతో చేసిన రాగి, ఇటుక, గోధుమ రంగులు మన రెప్పల మీద నిండుగా పలుకుతాయి. రోజూ ఆఫీసుకు వెళ్లే అమ్మాయికి ఆ ఒక్క పూత చాలు.

కొనేటప్పుడు ఒక్క నిమిషం ఆగి డబ్బా వెనక చూడండి. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, పదార్థాల జాబితా, గడువు తేదీ లేని సరుకు ఎంత చవకైనా కంటి దాకా తీసుకెళ్లకండి. పార్లర్‌లో అందరి కళ్లకూ ఒకే డబ్బాలో వేలు పెడుతుంటే, శుభ్రమైన స్పాచ్యులాతో తీసి వేయమని అడగండి. పెళ్లికూతురైనా సరే, మొహమాటపడకుండా అడగండి.